భుజం మీద పడని చెయ్యి

తాండూరు బండల గనిలో ఒక పద్ధతి ఉండేది. పెద్ద బండను లేపే ముందు ఒక మనిషి దాన్ని సుత్తితో కొట్టి వింటాడు. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే లోపల పగులున్నట్టు. అతను వినేంతసేపూ గనిలో ఇంకెవరి సుత్తీ లేవకూడదు. పదేళ్లపాటు ఆ నిశ్శబ్దం మా నాన్న జంగప్పది. అంతమందిని ఆపిన మనిషి ఇంట్లో మా అమ్మ మాటకు మాత్రం ఎదురు చెప్పేవాడు కాదు.

1957లో రాయి పగలగొట్టడానికి పెట్టిన మందు తూటా దగ్గరలో పేలి నాన్న చెవులు దెబ్బతిన్నాయి. కేకలు వినబడేవి గాని బండ పలుకులో తేడా తెలిసేది కాదు. ఆ సంగతి ఒక్క కిష్టప్పకే చెప్పాడు. కిష్టప్ప నాన్న దగ్గర పని నేర్చినవాడు. మా తమ్ముడు పోయినప్పుడు మూడు రోజులు మా గడప దగ్గరే కూర్చుని మాతోపాటు పస్తున్నవాడు. ఇప్పుడూ ఆదుకున్నాడు. పక్కనే నిలబడి, పగులుంటే నాన్న భుజం మీద చెయ్యి వేసేవాడు. ఏడాది అట్లాగే గడిచింది.

వికారాబాద్‌లో కట్టే ఒక పెద్ద ఇంటికి బండలు కావాలని గని యజమాని స్వయంగా వచ్చాడు. మొదటి బండ ఎక్కడా పెచ్చు పోకుండా లేచింది. ఇట్లాంటి చెవి ఈ చుట్టుపక్కల లేదని యజమాని అందరి ముందూ నాన్న తలకు కొత్త రుమాలు చుట్టించాడు. కిష్టప్ప పేరు చెప్పడానికి నాన్నకు నోరు రాలేదు. అది నాన్న తప్పే, కాదనను. కానీ కిష్టప్ప సంగతీ నాకు తెలుసు. మేం ఏడుస్తుంటే వాడంత మంచివాడు లేడు. నాన్నను ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం ముఖం మాడిపోయేది. తన మీద తనకే నమ్మకం లేనివాడు పక్కవాడి మెప్పును ఎట్లా ఓర్చుకుంటాడు?

రెండో బండకు భుజం మీద చెయ్యి పడలేదు. నాన్న లేపమన్నాడు. బండ నడిమికి విరిగింది.

"గాయనకు చెవులు వినవడయి సేటూ. ఏడాదాయె," అన్నాడు కిష్టప్ప, నేల చూస్తూ.

మర్నాటి నుంచి నాన్నది ముక్కరాళ్లు కొట్టే పని. వినే పని కిష్టప్పకొచ్చింది. రొట్టెలు తీసుకుపోయిన నేను అక్కడే ఉన్నాను. కిష్టప్ప బండ దగ్గరకు రాగానే అందర్నీ ఆపమని కేక వేశారు. గనంతా ఆగింది, మూలన నాన్న సుత్తి తప్ప. పాపం, వినబడలేదులే అని జాలిపడ్డారు. కిష్టప్ప మాత్రం బండ కొట్టకుండా నాన్న వైపే చూస్తూ నిలబడ్డాడు.

ఆ కేక నిజంగానే వినబడలేదా అని ఇంటికొచ్చాక అడిగాను. నాన్న రొట్టె తుంచుతూ అన్నాడు.

"వినవడ్డది బిడ్డ. చెయ్యి ఆగలే."