బాబాయి స్కోరు మూడు

ఎవరో ఒకరి పేరు చెప్పకుండా మా బాబాయి ఒక్క మాట కూడా మాట్లాడలేడు. "వాన పడుతోంది" అని మీరూ నేనూ అనేస్తాం. ఆయన అనలేడు. "వాన పడుతోందట. పాలాయన చెప్పాడు. నేను కిటికీలోంచి చూసి సరిపోల్చుకున్నాను" అంటాడు. ఈలోపు డాబా మీద ఆరేసిన బట్టలు తడిసి ముద్దయిపోతాయి.

ఆయన పని వానపాములతో. కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాడు. క్లాసులు అయిపోగానే ఒక గదిలో దూరి, గాజు తొట్టెల్లో పెంచే వానపాములు మట్టిలో దారులు ఎలా చేసుకుంటాయో చూస్తూ కూర్చుంటాడు. పరిశోధన వ్యాసం రాసేవాళ్లు ఏ సంగతి ఎవరి దగ్గర తీసుకున్నారో పేరు పెట్టి చెప్పాలి. దాన్ని ఉదహరించడం అంటారు. అందరూ ఆ పని వ్యాసంలో చేసి, ఇంటికి రాగానే మానేస్తారు. బాబాయికి మానాలని తోచలేదు.

"కూరలో ఉప్పు తగ్గింది," అన్నాడొకసారి భోజనం దగ్గర.

"ఎవరన్నారు?" అంది పిన్ని. ఆ ఇంట్లో ఏ మాటకైనా ఇదే జవాబు.

"మీ చెల్లెలు. నిన్న."

"నిన్నటి కూర గురించి అంది. ఇవాళ్టిది మీరు తింటున్నారుగా, మీకెలా ఉంది?"

"నాకూ తగ్గినట్టే ఉంది. కానీ ఒక్కడి మాట మీద ఉప్పు వేయించుకోవడం సబబు కాదు."

పిన్నికి ఆయన మీద పాత కేసు ఒకటుంది. మొదటిసారి ఇద్దరూ కలిసినప్పుడు బాబాయి చాలాసేపు గొంతు సవరించుకుని, "మీరు అందంగా ఉంటారని మా అక్క చెప్పింది" అన్నాడట. "మరి మీరేమంటారు?" అని పిన్ని అడిగింది. "నేను సొంతంగా పరిశీలించి చెబుతాను" అన్నాడు. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, ఆ పిల్లలకూ పెళ్లిళ్లయ్యాయి. పరిశీలన ఇంకా నడుస్తూనే ఉందని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ పిన్ని చెబుతుంది.

అదే కాలేజీలో నేను లైబ్రేరియన్ని. కాబట్టి ఆయన్ని ఇంట్లోనూ బయటా కూడా భరించిన అనుభవం నాకుంది. "రేపు సెలవా సార్?" అని పిల్లలు అడిగితే, "సెలవని ప్యూను అన్నాడు. ప్యూనుకి గుమాస్తా చెప్పాడట. గుమాస్తాకి ఎవరు చెప్పారో తేలలేదు. కాబట్టి వచ్చేయండి" అంటాడు. పిల్లలు రారు. ఆయన మాత్రం వెళ్లి, తాళం వేసిన గేటును సొంతంగా పరిశీలించి వస్తాడు.

ఇలా ఉండగా యాజమాన్యానికి స్కోర్ల పిచ్చి పట్టుకుంది. ఒక మనిషి ఎన్ని వ్యాసాలు రాశాడు, ఒక్కోదాన్ని ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారు అని చూసి, ఆ రెండింటినీ కలిపి నూరి ఒక అంకె తీసే కంప్యూటర్ పద్ధతి ఉంది. మూడు వ్యాసాలు ఉండి, ఒక్కోదాన్ని కనీసం మూడుసార్లు ఎవరైనా ఉదహరిస్తే స్కోరు మూడు. పది వ్యాసాలు, పదేసిసార్లు అయితే పది. పదికి తక్కువ వచ్చినవాళ్ల పరిశోధన గదుల్ని, బయటి నుంచి ఒక కమిటీ వచ్చి సంతకం పెట్టాక, అతిథుల విశ్రాంతి గదులుగా మారుస్తామన్నారు. స్కోర్లు రాకముందే సోఫాలు ఆర్డరిచ్చారు.

దాంతో వరండాల్లో మనుషులు "బాగున్నారా" అనడం మానేసి "మీ వ్యాసంలో నన్నేశారా" అనడం మొదలుపెట్టారు. భౌతికశాస్త్రం ఆయన కాంతి గురించి రాస్తూ, ఆర్థికశాస్త్రం ఆయన రాసిన పత్తి ధరల వ్యాసాన్ని ఉదహరించాడు. ఆర్థికశాస్త్రం ఆయన మొహమాటస్తుడు. పత్తి ధరల మీద తర్వాతి వ్యాసంలో కాంతికి కొంత చోటిచ్చాడు. రసాయనశాస్త్రం ఆయన మా బాబాయి దగ్గరకూ వచ్చాడు.

"మీరు నన్నోసారి వేయండి మాస్టారూ, నేను మిమ్మల్ని వేస్తాను."

"దానికేం. మీ వ్యాసం చదివి చెబుతాను."

"చదవడం దేనికండీ?"

బాబాయి పట్టుబట్టి చదివాడు. దొరికిన తప్పులన్నీ వరసగా రాసి ఇచ్చాడు. రసాయనశాస్త్రం ఆయన మళ్లీ రాలేదు.

గది పోతే ముందుగా దెబ్బ తగిలేది బాబాయికి కాదు, సాలీళ్ల మేడంకి. ఆవిడ తాత్కాలిక లెక్చరర్. అదే గదిలో ఓ మూల నేల సాలీళ్లను పెంచుతుంది. తక్కువ మాట్లాడుతుంది, అడక్కుండా అందరి పనీ చేసిపెడుతుంది. గది ఉంటేనే ఆవిడ ప్రాజెక్టు, ప్రాజెక్టు ఉంటేనే ఆవిడ ఉద్యోగం. తల్లినీ కూతుర్నీ ఆవిడే పోషిస్తోంది.

స్కోర్లు వచ్చాయి. బాబాయికి ముప్పై నాలుగు. కాలేజీలో ఇంకెవరికీ అందులో సగం కూడా లేదు. ప్రిన్సిపాల్ గేటు దగ్గర బాబాయి ఫొటోతో బ్యానరు కట్టించాడు. నాకెందుకో అనుమానం వచ్చి, ఆయన పేరు కింద కంప్యూటర్ చూపించిన వ్యాసాలు తెరిచాను. మొదటిది చిగుళ్ల వాపు మీద. రెండోది జ్ఞానదంతం మీద. ఆ తర్వాత చాలా దూరం కట్టుడు పళ్లు. ఎక్కడో మా ఇంటి పేరుతో, బాబాయి పొడి అక్షరాలతో ఒక పళ్ల డాక్టరున్నాడు. కంప్యూటర్ ఇద్దర్నీ కలిపి ఒక్క మనిషిని చేసింది.

"బాబాయ్, నువ్వు జ్ఞానదంతాలు పీకావా?"

"నాకే ఒకటి పీకారు. ఎవరన్నారు?"

"కంప్యూటర్."

"దానికెవరు చెప్పారు?"

సంగతి విన్నాక ఆయన చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ప్రిన్సిపాల్ గదికి నడిచాడు. ప్రిన్సిపాల్ కుర్చీలోంచి లేచి తలుపు మూశాడు.

"కమిటీ వచ్చి వెళ్లేదాకా ఆగండి మాస్టారూ. అయినా పళ్లు జంతువులకీ ఉంటాయి కదా."

"వానపాములకి ఉండవండి," అన్నాడు బాబాయి.

ఇంట్లో పిన్ని కూడా బతిమాలింది. "మిమ్మల్ని అబద్ధం చెప్పమనడం లేదు. ఒక్క రోజు నోరు మూసుకోమంటున్నాను. ఆ పిల్ల ఉద్యోగం నిలబడుతుంది." బాబాయి అన్నం కలుపుతూ కూర్చున్నాడు, ముద్ద నోట్లో పెట్టుకోలేదు. మర్నాడు మేడంనే అడిగాడు. ఆవిడ సాలీళ్లకు మిడతలు వేస్తోంది. "మీకేది సబబనిపిస్తే అదే చెప్పండి సార్," అని తొట్టె మూత పెట్టింది. మూత సరిగ్గా పడటానికి చాలాసేపు పట్టింది. ఆ పూట నాకు బాబాయి మీద నిజంగానే ఒళ్లు మండింది. ఊరంతా అబద్ధాల మీద నడుస్తుంటే ఈయన నిజానికి బలిపెట్టడానికి ఈ ఆడమనిషి ఉద్యోగమే దొరికిందా అనుకున్నాను.

కమిటీ వచ్చింది. దానికి పెద్దగా వచ్చినావిడ మట్టి శాస్త్రవేత్త, ముక్కు చివర కళ్లద్దాలు, నవ్వని మొహం. కాగితాలు మోసుకెళ్లిన నేను గోడ పక్కన నిలబడ్డాను. ప్రిన్సిపాల్ "ముప్పై నాలుగు" అని చదివీ చదవకముందే బాబాయి లేచాడు.

"నా స్కోరు మూడండి. మిగతాదంతా పళ్లది, నా పేరున్న ఓ డాక్టరుగారిది."

ప్రిన్సిపాల్ నీళ్లు తాగాడు. బాబాయి పక్కన కూర్చున్న మేడం తలొంచుకుంది.

"పోనీ, ఆ మూడు వ్యాసాల్లో బాగా పేరొచ్చింది ఏది?" అంది పెద్దావిడ.

"వానపాముల దారుల్ని చెదరకుండా కొలిచే పద్ధతండి. మట్టిని వెచ్చబెట్టి, బొరియలో దారం వదిలి, కరిగిన మైనం పోస్తాం. ఆరాక తవ్వి తీస్తే దారి మొత్తం ఒక్క ముక్కగా వస్తుంది."

"మా ల్యాబులో మేమూ అలాగే చేస్తాం. మంచి పద్ధతి మీది."

"నాది కాదండి. ఈ మేడంది. సాలీళ్ల బొరియల కోసం ఆవిడ కనిపెట్టుకుంది. వ్యాసంలో పేరు కలుపుతానంటే, ఒక్క మాట చెప్పినందుకు పేరెందుకు సార్ అంది. అందుకని అడుగున ఫుట్‌నోట్‌లో రాశాను."

"ఫుట్‌నోట్లు కంప్యూటర్ లెక్కలోకి రావు."

"అది కంప్యూటర్ ఇబ్బందండి."

పెద్దావిడ కళ్లద్దాలు తీసి ఆయన్ని తేరిపార చూసింది. "పేజీలో సగం ఆక్రమించిన ఫుట్‌నోట్. ఆవిడ ఏం చెప్పిందో, ఎప్పుడు చెప్పిందో, చెబుతూ ఏ తొట్టె కడుగుతోందో కూడా రాశారు."

"మీరు చదివారా?"

"అప్పట్లో పెద్ద పత్రికకి నేను సంపాదకురాలిని. మీ వ్యాసం మొదట మాకే వచ్చింది. ఆ ఫుట్‌నోట్ తీసేస్తే వేసుకుంటామన్నాను. మీరు వ్యాసమే వెనక్కి తీసుకుని, ఎవరూ చూడని చిన్న పత్రికలో వేయించుకున్నారు. అలా ఎన్ని వ్యాసాలు వెనక్కి తీసుకున్నారు?"

"ఫుట్‌నోట్ ఉన్నవన్నీ అండి."

"ఫుట్‌నోట్ లేనివి?"

బాబాయి వేళ్ల మీద లెక్కపెట్టి చూశాడు. "అలాంటివి రాసినట్టు గుర్తులేదండి."

ఆయన స్కోరు మూడు దగ్గర ఎందుకు ఆగిపోయిందో నాకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ అది చాదస్తమనే అనుకున్నాం. ఆయన మటుకు, తనకు సాయం చేసిన ఏ ఒక్కరి పేరూ రాలిపోకుండా చూసుకుంటున్నాడు. నాకు ఆయన మీద ఉన్న కోపమంతా పోయి, గర్వం పుట్టుకొచ్చింది.

"మనుషుల్నీ పళ్లనీ కలిపేసే లెక్క చూసి గది మూయమని నేను సంతకం పెట్టను," అంది పెద్దావిడ. "గది ఉంటుంది. బాధ్యత ఈ మేడంకి ఇవ్వండి, ఉద్యోగం ఖాయం చేయండి. ఆ పద్ధతికి ఇకనుంచి ఆవిడ పేరే వేస్తాం." మేడం లేచి నిలబడి, మళ్లీ కూర్చుంది. బాబాయి మాత్రం పెద్దావిడ మాటల్ని శ్రద్ధగా రాసుకుని, తేదీ వేసుకున్నాడు.

సోఫాలు నా లైబ్రరీలో పడేశారు. గది తలుపు మీద మేడం పేరు ఎక్కింది. దాని కింద చిన్న అక్షరాలతో బాబాయి ఒక కాగితం అంటించాడు: "లోపల వానపాములు కూడా ఉన్నాయి. మేడం అనుమతితో."

కమిటీ వచ్చిన రోజు సాయంత్రం నేనూ ఆయనతో ఇంటికి వెళ్లాను. పిన్ని గుమ్మంలోనే నిలబడి ఉంది.

"గది పోయిందా?"

"ఉంది. మేడంది. నాకు కిటికీ పక్కన బల్ల ఇస్తానంది."

పిన్ని కళ్లు తుడుచుకుంది. "స్కోరు?"

"మూడే."

"అందులోనూ ఒకటి ఆ పిల్లదేగా," అని పిన్ని నవ్వింది. నవ్వుతూనే ఆయన చేతిలో సంచి అందుకుంది. బాబాయి సంచి వదల్లేదు. ఆవిడ మొహం వైపే చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు అందంగా ఉన్నావు."

"ఎవరన్నారు?" అంది పిన్ని అలవాటు కొద్దీ.

"ఎవరూ అనలేదు. పరిశీలన పూర్తయింది."

పిన్ని సంచి లాక్కుని వంటింట్లోకి వెళ్లిపోయింది. కాసేపటికి తలుపు పక్కనుంచి తల ఒక్కటే బయటపెట్టి, "విన్నావుగా? రేపు ఎవరూ నమ్మకపోతే నువ్వే చెప్పాలి," అంది నాతో.

విన్నాను. ఎవరైనా అడిగితే నన్ను ఉదహరించండి.