మంట చూసిన టేకు దుంగ

పాతబస్తీలో ఒక కట్టెకోత మిషన్ దగ్గర పదిహేనేళ్లుగా దుంగలు కొలిచే పని నాది. వాసన చూసి ఏ కట్టో చెప్పగలను. కానీ టేకు తోట ఎలా ఉంటుందో మొన్నమొన్నటి దాకా చూడనేలేదు. మా యజమానిని అందరం చాచా అంటాం. ఎప్పుడూ ఆయనే అడవి వైపు డిపోకు వెళ్లి, వేలంలో కొన్న కలప తెచ్చేవాడు. మొన్నటి వానాకాలంలో నన్ను పిలిచాడు.

"మోకాళ్లు సాథ్ ఇస్తలేవు బేటా. ఈసారి నువ్వు పోయిరా. నంబర్లు సరిగ్గ చూసుకో, ఫికర్ చెయ్యకు."

లారీలో ఉత్తరానికి వెళ్లాను. డిపోకు చేరేసరికి జోరున వాన. మట్టిబాట బురదయింది, రెండు రోజులు లోడింగ్ లేదన్నారు. ఏం చేయాలో తోచక నిలబడితే, పక్కనే ఉన్న టేకు తోటకు కాపలా కాసే వాచరమ్మ నవ్వింది. నెరిసిన జుట్టు, మోకాళ్ల దాకా ఎగగట్టిన చీర, చేతిలో గడ్డపార.

"ఉత్తగ కూసుంటె ఏమొస్తది తమ్మీ? నాటుడు నడుస్తుంది, రా."

నేను కొలవాల్సిన దుంగలు నరికిన చోటే మళ్లీ నాటుతున్నారు. మొక్కలుంటాయనుకున్నాను. ఆమె సంచిలోంచి తీసింది జానెడు పొడవు, బొటనవేలంత లావు పుల్ల! నర్సరీలో ఏడాది పెంచిన మొక్కను పీకి, వేరు కొనా పై కాండమూ కత్తిరిస్తే మిగిలే మొదలు అదే; మట్టిలో పెడితే మళ్లీ చిగురిస్తుందట. బారెడు దూరానికొక గుంత గడ్డపారతో పొడిచి, పుల్లను దింపి, మడమతో మన్ను అదుముతూ ఆమె సాగిపోతోంది. నేనూ ఒక వరుస నాటాను. ఆమె వెనక్కి వచ్చి రెండు వేళ్లతో ఒక్కొక్కటీ లాగింది. నాలుగు ఊడి వచ్చాయి.

"ఏంది తమ్మీ గిది? లోపల గాలి ఉంటె కుళ్లిపోతది. మల్ల పెట్టు."

మళ్లీ పెట్టాను. ఈసారి ఒక్కటీ ఊడలేదు. ఆమె ఇంకో సంచి తెచ్చి నా ముందు పెట్టింది. అంతకన్నా మెప్పు ఏముంటుంది?

చెట్టు కింద కూర్చుని జొన్నరొట్టె తింటూ చెప్పింది. ఈ నరికిన తోటను పెళ్లి కాకముందు వాళ్లమ్మతో కలిసి ఆమే నాటిందట. మూడేళ్లు కలుపు తీశారు. తర్వాత చెట్లు ఒకదాన్నొకటి తోసుకోకుండా పల్చన చేశారు.

"పక్కపక్కన రెండు మంచియే ఉంటె గుడ ఒకటి కొట్టాలె. మొదటిసారి నాకు ఏడుపొచ్చింది. మిగిలినయి లావైనంక సమజైంది."

ఏటా ఎండాకాలం ముందు, మంట దాటకుండా తోట చుట్టూ రాలిన ఆకులు ఊడ్చి బాట తీసేవారు. ఒక ఏడు గాలికి నిప్పు ఆ బాట దాటింది. ఆమె, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు పచ్చి కొమ్మలతో కొట్టి, మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఆర్పారు. ఒక మూల చెట్లకు మొదళ్ల దగ్గర బెరడు కాలినా, తోట దక్కింది. ఆమె ఈ మాటలు చెబుతుంటే, ఇన్నాళ్లూ నేను కొలిచింది కేవలం చుట్టుకొలతా పొడవూ మాత్రమేనని అర్థమై సిగ్గేసింది.

మూడో రోజు తెరపి ఇచ్చింది. అటవీశాఖ వాళ్లు దుంగ దుంగకూ కొట్టిన సుత్తి ముద్ర, నంబరు పర్మిట్‌తో సరిచూసి ఎక్కించాం. ఒక దుంగ దగ్గర ఆమె ఆగింది. దాని మొదలు దగ్గర లోపలికి ముడుచుకున్న మచ్చ.

"గిది ఆ మూలదే. కోసినంక ఎట్లున్నదో నాకు ఫోన్ చెయ్యి."

పాతబస్తీలో ఆ దుంగను రంపం మీదికి ఎక్కించగానే లోపల నల్లటి చార బయటపడింది. కోసేవాడు ముఖం చిట్లించాడు. "ఇది పొయ్యిలకే చాచా!"

నేను అడ్డం పడి, నలుగురు ఆడవాళ్లు మంటతో కొట్లాడిన సంగతంతా చెప్పాను. చాచా కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశాడు. నల్ల చార చుట్టూ ఏళ్లకేళ్ల చేవ దట్టంగా ముసురుకుని ఉంది.

"అరె, కాలినంక గుడ గింత చేవ పట్టిందా! మాషాల్లా. నలుపు తీసేసి కొయ్యి, మిగిలింది మస్తు కట్టె."

ఆ దుంగలోంచి రెండు దర్వాజాలకు సరిపడా చెక్క వచ్చింది. మలక్‌పేటలో కొత్త ఇల్లు కట్టుకుంటున్న ఒక కుటుంబం వచ్చి, అరచేత్తో నిమిరి చూసి తీసుకుపోయింది.

వెంటనే వాచరమ్మకు ఫోన్ చేశాను. దుంగ ఏమైందో చెప్పాను.

"దర్వాజలైనయా! మంచిగైంది తమ్మీ," అంది. వెనక ఆడవాళ్ల మాటలు, కొడవళ్ల చప్పుడు. "మల్ల మాట్లాడ్త. గడ్డి మస్తు లేచింది, మనం పెట్టిన పుల్లలు కనబడ్తలేవు."