ఓబులమ్మ పిలిస్తే వచ్చిన సాక్ష్యం

ఏడేళ్ల కిందట, వేరుశనగ పీకడం ముగిసిన వారంలో, ఉరవకొండ వైపు ఒక చిన్న స్టేషన్‌కు ఎస్సైగా వెళ్లాను. మోకాలి దెబ్బ వల్ల నిరుడు ముందుగానే ఉద్యోగం వదిలేశాను. అక్కడి ఒక బెదిరింపు కేసును నేను చాకచక్యంగా ఛేదించానని పత్రికలో వచ్చింది. జరిగింది అది కాదు.

చేరిన మూడో రోజు గొర్రెలు మేపుకునే ఓబులమ్మ వచ్చింది. ఆమె కూతురు అనంతపురంలో నర్సింగు చదువుతోంది. సంతలో గొర్రెల దళారి ఎర్రిస్వామి ఆ పిల్ల ముఖాన్ని ఎవరిదో అసభ్య ఫొటోకు అతికించి, తల్లి ఫోనుకు పంపాడు. అడిగినప్పుడల్లా పొట్టేలు ఇవ్వకపోతే ఊరి వాట్సాప్ గ్రూపులో పెడతానని వాయిస్ మెసేజ్‌లో బెదిరించాడు. డబ్బు తీసుకుంటే జాడ దొరుకుతుంది, పొట్టేలైతే మందలో కలిసిపోతుంది. అప్పటికే రెండు ఇచ్చింది. మూడోది అడుగుతున్నాడు. కూతురేమో చదువు మానేసి వచ్చేస్తానంటోంది.

నాకు జాలి కలిగింది. ఇంకెవరి కంటా పడకూడదని ఆమె ఫోను తీసుకుని ఫొటో, మెసేజ్‌లు అన్నీ తుడిచేశాను. అలాంటి ఫోనును ఉన్నదున్నట్టు సీలు చేసి ల్యాబుకు పంపాలని శిక్షణలో నేర్చుకున్నవాణ్ణే.

"తుడిచేస్తివా సార్!" అంది ఓబులమ్మ. "మల్ల వాడే అడిగినాడనేదానికి నాకాడ ఏముండాది?"

దారి కూడా ఆమే చెప్పింది: "వాడడిగిన పొట్టేలు ఇచ్చేస్తా. నువ్వు ఎనకాలే రా సార్."

ఆ ప్రాంతంలో ఒక్కో ఇంటివాళ్లు తమ గొర్రెల చెవిని ఒక్కో రకంగా కోసి గుర్తు పెట్టుకుంటారు. మధ్యవర్తుల ముందు, అంటే పంచనామాకు సాక్షులుగా ఉండేవాళ్ల ముందు, ఆ గుర్తు రాసుకుని పొట్టేలును పంపాం. రెండు రోజుల తర్వాత వాళ్లతోనే ఎర్రిస్వామి దొడ్డికి వెళ్లాం.

"ఏం సార్, పొట్టేలు కొనేదానికొచ్చినారా?" అని నవ్వాడు. చూస్తే చాలా వాటి చెవులు కొత్తగా కోసి, పసుపు పూసి ఉన్నాయి. పాత గుర్తు ఎక్కడా లేదు. నా ముఖం వాడిపోయింది.

ఓబులమ్మ మాత్రం నవ్వింది. "చెవులు కోసినాడు గానీ, నా గొంతు వాటికి మరిపిస్తాడా?" అని కంచె బయట నిలబడి పిలిచింది. "ఒరే బుడ్డోడా! తా తా తా!"

తల్లి చచ్చిపోతే ఆమె సీసాపాలతో పెంచిన ఆ మూడో పొట్టేలే అది. మందను చీల్చుకుని, కంచె దూకి, ఆమె మోకాళ్లను తలతో పొడిచింది. దాని వెనకే ఇంకో రెండు దూకాయి! బక్రీదు ధర కోసం వాడు దాచుకున్న మొదటి రెండూ అవే.

"గింజలు చూపిస్తే ఏదైనా వస్తాది!" అని ఎర్రిస్వామి అరిచాడు.

"ఆయమ్మ చేతిలో ఏమీ లేదు గదప్పా. అయితే నువ్వే పిలువు," అన్నాడు మధ్యవర్తుల్లో పెద్దాయన, వాడి చేతిలో గుప్పెడు శనక్కాయలు పోసి.

పిలిచాడు. మందంతా వాడి మీద పడింది, ఆ మూడు తప్ప. అవి ఓబులమ్మ కొంగు నములుతూ నిలబడ్డాయి. పెద్దాయనకు నవ్వాగక పంచనామా మీద సంతకం వంకరపోయింది.

ఆ బలంతో ఎర్రిస్వామి ఫోను స్వాధీనం చేసుకుని, ఈసారి పద్ధతిగా సీలు చేశాను. ఫొటో, వాయిస్ మెసేజ్‌లు అందులోనే బయటపడ్డాయి. వాడికి శిక్ష పడింది. ఆ పిల్ల చదువు పూర్తిచేసి, ఇప్పుడు నర్సుగా పనిచేస్తోంది.

కేసు డైరీలో మాత్రం నేను 'ఫిర్యాది తెలియక మెసేజ్‌లు తుడిచేసింది' అని రాశాను. చదువురాని ఆమె పొరపాటును ఎస్సై సరిదిద్దాడని పత్రిక రాసింది. కూతురు అది చదివి వినిపిస్తే, "సార్‌కి మతిమరుపుండాదే!" అని ఓబులమ్మ నవ్విందట.

తుడిచింది నేను. సాక్ష్యం తెచ్చింది ఆమె. ఫిర్యాది ఫోను నేను ముట్టుకునే ముందు, ఆ ఫిర్యాదికేం తెలుసో అడగాలని ఆ కేసు నాకు నేర్పింది. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అలాగే అడిగాను.