తొమ్మిదో చీటి

మా ఇంట్ల డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. ఈ మాట ఇంకా ఎవరికి చెప్పలేదో వెతుక్కుంట పోయి చెప్తున్న. ఆ సంబరంలనే వనపర్తిల మా చర్చి వెబ్‌సైట్ నెత్తికెత్తుకున్న. సంఘంల ముగ్గురికి అందుల రాసుడు నేర్పిన. ముసలోళ్ల ఫోన్లు అడిగి తీసుకొని, ఒక్కసారి ముట్టుకుంటె సైట్ తెరుచుకునేటట్టు పెట్టిన.

ఆ ముగ్గుర్ల కుట్టుమిషన్ అక్క మస్తు హుషారు. ప్రార్థన చెయ్యుండ్రని జనం రాసి పెట్టెల ఏసిన చీటీలు ఆమెనే సైట్ల ఎక్కిస్తది. ఆ చీటీలను పాస్టర్ అయ్యగారు ఎప్పుడు చదివినా పేరు ఎత్తడు, "ఒక సహోదరి" అంటడు. సైట్ల గూడ గట్లనే రాయాలెనని నేను అక్కకు చెప్పలే. తెల్సే ఉంటదనుకున్న.

ఆ ఆదివారం పాటలు నడుస్తుంటె, ముందు వరుసల కూసునే పెద్దమ్మ బిడ్డ నన్ను బయట చెప్పుల దగ్గరికి గుంజుకపోయింది. ఆమెను గద్వాలల ఇచ్చిండ్రు. ఫోను నా ముందట పెట్టింది.

"ఏందే ఇది? రొమ్ముల గడ్డ ఉందని, ముక్క తీసి పరీక్షకు పంపిండ్రని నా పేరుతోటే పెట్టిండ్రు! మా అమ్మకు తెల్వదు. ఆమె గుండె మంచిగ లేదు."

అక్కడ్నే నిలబడి ఆ చీటి తీసేసిన. అక్కను సైగ చేసి పిలిచి అడిగిన.

"పేరు లేకుంటె ఎవరికోసమని మోకాళ్లేస్తరే?" అన్నది. అన్నంక పెద్దమ్మ బిడ్డ మొఖం చూసి కొంగు నోట్ల పెట్టుకున్నది.

సైట్ల పోయింది గని, పొద్దున తెరిచిన ఫోన్ల పోదు గద. పెద్దమ్మ రోజూ లేవంగనే తెరుస్తది, ఆదివారం చీటీలు మాత్రం చర్చికొచ్చినంకనే చదువుతది. తెరుసుడు నేర్పింది నేనే.

లోపలికి పోయి ఆమె పక్కకు కూసున్న. ఫోను ఒళ్లనే ఉంది, ఆ పేజీ మీదనే.

"మంచిగ దొరికినవ్ బిడ్డా. అద్దాలు ఇంట్ల మర్చిన. జర ఈ చీటీలు చదువు, ప్రార్థన చేస్త."

ఒక్కొక్కటి చదువుతుంటె పెద్దమ్మ చేతి ఏళ్లు మడుస్తుంది. తొమ్మిదోదాని కాడ ఆగిన. గుమ్మం కాడికెళ్లి ఆమె బిడ్డ మా దిక్కే చూస్తుంది.

"అయిపోయినయి పెద్దమ్మా."

"ఏడ అయినయే? తొమ్మిది వచ్చినయని అక్క చెప్పె. డిగ్రీ చదివినవ్, ఎంచుడు రాదా?"

"ఇంకోటి... ఒక సహోదరికి ఒంట్ల బాగలేదు. పరీక్ష చేయించుకున్నది."

"పేరేంది?"

"చెప్పొద్దన్నది పెద్దమ్మా."

నా మొఖం దిక్కు జరసేపు చూసింది. కొంగు నెత్తి మీదికి గుంజుకొని, మిగిలిన ఎనిమిదింటిని ఇడిసిపెట్టి ఆ ఒక్కదానికోసమే ప్రార్థన అందుకున్నది. "ప్రభువా, ఎవరి బిడ్డనో నాకు తెల్వదు. నా బిడ్డనే అనుకుంటున్న."

గుమ్మం కాడ ఆమె బిడ్డ గోడ దిక్కు మల్లింది.

మొన్న పెబ్బేరు సంతల మా నాయనతోటి ఉంటె పెద్దమ్మ బిడ్డ ఫోను చేసింది. గడ్డ మామూలుదేనంట! బర్రెల నడుమ నేను ఎగిరిన ఎగురుడుకు మా నాయన బేరం ఇడిసి చూసిండు.

తల్లికి ఆమెనే చెప్పుకున్నది. ఆదివారం, దేవుడు మేలు చేసిండని సాక్ష్యం రాసిన చీటి తెచ్చి కుట్టుమిషన్ అక్క చేతిలనే పెట్టింది. అక్క పరేషాన్ అయి నన్ను అడిగింది, "ఏం జెయ్యాలెనే? పేరు తీసెయ్యాలెనా?"

ముందు వరుసల నుంచి పెద్దమ్మ ఒర్రింది. "తియ్యకు! కింద నా పేరు గూడ రాయి!"