పొయ్యిలో వేసిన బిళ్ళలు

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఏళ్ళ తరబడి గుండెల మీద బండలా మోశాను. ఇక ఓపిక లేదు.

ఎనభైల నాటి సంగతి. దాచేపల్లిలో నాపరాళ్ళు అమ్మే మా ఆయనకు వణుకు జబ్బు వచ్చింది. నలుగురినీ హడలెత్తించిన మనిషి చొక్కా గుండీ పెట్టుకోలేకపోయారు. నరసరావుపేట డాక్టరు ఆయన కనుబొమల మధ్య వేలితో తట్టి చూశాడు. ఎవరికైనా నాలుగైదు సార్లు తట్టాక రెప్ప కొట్టుకోవడం ఆగిపోతుందట. ఆయనకు ఆగలేదు. బిళ్ళలు రాసిచ్చాడు. తూలినప్పుడు చెయ్యి దానంతటదే ముందుకు రావాలనీ, ఈయనకు రావడం లేదనీ, బిళ్ళ మానితే పడిపోతారనీ చెప్పాడు.

మజ్జిగలో నూరి ఇచ్చాను. కొన్నాళ్ళకే గుండీలు ఆయనే పెట్టుకున్నారు. డాక్టరు మళ్ళీ తట్టి చూస్తే రెప్పలు ఆగాయి. నిజంగానే సంతోషించాను. ఆ మర్నాడే పప్పులో ఉప్పు ఎక్కువైందని చెంప పగలగొట్టారు. పెళ్ళైనప్పటి నుంచీ తిన్న దెబ్బల్లో అదేం పెద్దది కాదు. కానీ ఆ చెయ్యి లేవని రోజుల్లో నేను భయం లేకుండా నిద్రపోవడం మరిగాను. మళ్ళీ భయపడటం నా వల్ల కాలేదు.

బిళ్ళలు పొయ్యిలో వేశాను. ఉత్త మజ్జిగే ఇచ్చాను.

"ఏందమ్మా, మళ్ళీ మొదటికొచ్చింది? బిళ్ళలు ఏస్తన్నావా?" అన్నాడు డాక్టరు, ఆయన నుదురు తడుతూ.

"ఏస్తన్నానండీ."

మా ఆయన నన్నే చూస్తున్నారు. ముఖంలో ఏమీ లేదు. రెప్పలు మాత్రం కొట్టుకుంటున్నాయి. తెలిసిందా ఆయనకు? డాక్టరు మోతాదు పెంచాడు. అదీ పొయ్యిలోకే పోయింది.

ఆ ఎండాకాలం వాకిట్లో తూలారు. చేతులు రెండూ పక్కలకే ఉండిపోయాయి. ముఖం బండకు కొట్టుకుంది. మంచాన పడి, వానలు మొదలయ్యేలోపే పోయారు.

"ఎంత సేవ చేసిందో మహాతల్లి" అన్నారు ఇరుగుపొరుగు. చేశాను కూడా. ఒళ్ళు తుడిచాను, ముద్దలు కలిపి పెట్టాను. బిళ్ళ ఒక్కటే ఇవ్వలేదు.

చంపాలనుకున్నానా? లేదు. ఆ చెయ్యి నా మీదికి లేవకూడదనుకున్నాను, అంతే. కానీ పడబోతే అడ్డం రావాల్సిందీ ఆ చెయ్యేనని డాక్టరు ముందే చెప్పాడు కదా, నేను విన్నాను కదా, అర్థం కాలేదని ఎవరితో బుకాయించను?

క్షమించమని అడగను. ఇంకొకటి మిగిలింది, అదీ చెప్పేస్తాను. ఆయన తూలినప్పుడు నేను గుమ్మంలోనే ఉన్నాను. రెండడుగులు వేస్తే అందేవారు. వేయలేదు. ఆ చేతులు లేస్తాయేమోనని చూస్తూ నిలబడ్డాను.