పిలిస్తే వచ్చే ఆర్నే

మా బావ ఫోల్కమార్ బతుకంతా జనాల స్నానాలగదుల్లో టైల్స్ అతికించాడు. కానీ మా ఊరు హోల్మ్‌ఫ్లెట్‌లో ఎవరినడిగినా ఆయన మైకు ఫోల్కమారే. జర్మనీ ఫుట్‌బాల్‌లో రెండో శ్రేణి అయిన రెండో బుండెస్‌లీగాలో మా జట్టు సొంత మైదానంలో ఎప్పుడాడినా ఆటగాళ్లను పిలిచేది ఆయనే. ఆయన ఆటగాడి పేరు మాత్రం అంటాడు, జనం ఇంటిపేరు అందుకుంటారు. గోలు పడ్డాక ఆయన ‘థాంక్స్’ అంటే జనం ‘పర్లేదు’ అంటారు. ఈ వరస తప్పిందా, మావాళ్లకి బీరు కూడా సయించదు.

ఒక ఏడు డిసెంబరులో, ఎడమవైపు కాచే మా డిఫెండర్, మూడో నంబరు ఆర్నే ఫెడ్డర్సన్ కారు మంచు మీద జారి చనిపోయాడు. ఈ ఊరి పిల్లాడే. తల్లి గేసా చేపల రేవు వెనక వీధిలో ఉంటుంది. జనవరిలో మొదటి ఆటకి, కడసారిగా, బావ ‘ఆర్నే’ అని పిలిచాడు. స్టేడియం మొత్తం ‘ఫెడ్డర్సన్’ అంది. అందరం ఏడ్చాం. అక్కడితో అయిపోవాలి.

అవలేదు. తర్వాతి ఆటకి బావ నోరు జారింది. మూడో నంబరు దగ్గర అలవాటుగా ‘ఆర్నే’ అనేశాడు. నాలుక కరుచుకునేలోపే జనం ఇంటిపేరు అందుకున్నారు. పట్టికలో అట్టడుగునున్న మా జట్టు ఆరోజు గెలిచింది. ఇంకేం, అచ్చొచ్చిన పిలుపు మానితే ఊళ్లో ఉండనివ్వమన్నారు వెర్రి వెధవలు. ప్రతి ఆటకీ పిలిచాడు. సొంత మైదానంలో మళ్లీ ఓడలేదు.

నేను ఆయన పక్కనే కూర్చుని లౌడ్‌స్పీకర్లు చూసుకునేవాణ్ణి. మార్చిలో ఆట అయ్యాక అవతలి జట్టువాడొకడు దెబ్బతగిలిన తన భుజం పట్టుకుని వచ్చి, పొగమంచులో ఎడమవైపు తనను అడ్డుకున్న రెండోవాడు ఎవరని అడిగాడు. అటువైపు మావాడు ఉన్నది ఒక్కడే. బావ నవ్వేసి ఊరుకున్నాడు గానీ, మైకు సర్దుతూ మైదానం ఎడమవైపుకి రెండుసార్లు తిరిగి చూశాడు.

మే నెలలో ఆఖరి ఆట. ఓడితే మూడో లీగుకి పడిపోతాం. ఆ పొద్దున గేసా ఆర్నే బూట్లు పట్టుకుని మైకు గదికి వచ్చింది. వాటిని పెట్టెలో పెట్టి తాళం వేశానని, అయినా ఇక్కడ ఆట ఉన్న ప్రతి సాయంత్రం తడిసిపోయి, పచ్చగడ్డి అంటుకుని ఉంటున్నాయని చెప్పింది. మడమ దగ్గర తోలు చిరిగి ఉంది.

“నువ్వు పిలుస్తున్నావు, వాడు వస్తున్నాడయ్యా,” అంది. “చిన్నప్పట్నుంచీ అంతే, పిలిస్తే రాకుండా ఉండలేడు. అలిసిపోయాడు. ఇంక వదిలెయ్యి.”

ఆమెకు దుఃఖంతో మతి చలించిందని, పిలవకపోతే ఊరు నిన్ను బతకనివ్వదని బావకి నచ్చచెప్పాను. వినలేదు. మూడో నంబరు రాగానే మైకు కట్టేసి, తల వంచుకుని కూర్చున్నాడు. జనం పిలుపు కోసం చూశారు. అప్పుడు ఎవరూ పిలవకుండానే జనం ‘ఫెడ్డర్సన్’ అని అరిచారు. మేం గెలిచాం, లీగులో నిలిచాం.

ఊరంతా తాగి గంతులేస్తుంటే మేమిద్దరం గేసా ఇంటికి వెళ్లాం. తలుపు తీసే ఉంది. తడి బూట్ల జాడలు వంటింట్లో బల్ల దాకా వెళ్లి ఆగాయి, తిరిగొచ్చిన జాడ లేదు. కుర్చీ ఒకటి వెనక్కి లాగి ఉంది. దాని ఎదుట సూప్ గిన్నె పెట్టి గేసా నిలబడి ఉంది.

“జనం పిలిస్తే వచ్చాడు. ఇప్పుడు నేను వెళ్లమంటే వెళ్లట్లేదు,” అంది. “సీజన్ అయిపోయిందని నువ్వే చెప్పు.”

బావ టోపీ తీశాడు. మైకు లేకపోతే ఆ గొంతు ఎంత చిన్నదో నాకు అప్పుడే తెలిసింది.

“ఆర్నే,” అన్నాడు.

“ఫెడ్డర్సన్,” అంది తల్లి, ఒక్కతే.

“ఆటలైపోయాయి నాన్నా. థాంక్స్.”

గేసా పెదవులు కదల్లేదు. నేనూ నోరు మెదపలేదు. అయినా ‘పర్లేదు’ అన్న మాట ముగ్గురికీ వినిపించింది. తర్వాత ఆ కుర్చీ మెల్లగా బల్ల కిందికి జరిగింది.

“లేచాక కుర్చీ సర్దమని నేనే నేర్పాను,” అని గేసా భోరున ఏడ్చింది.