సిత్రా ఒడ్డున గ్రహణ చంద్రోదయం

చంద్రగ్రహణం చూడాలంటే మేడెక్కితే చాలు. మేము మాత్రం బస్సెక్కి సముద్రం ఒడ్డుకు వెళ్ళాం. ఆ సాయంత్రం బహ్రెయిన్‌లో చంద్రుడు గ్రహణంతోనే ఉదయిస్తాడనీ, తూర్పున అడ్డులేని చోట నిలబడితేనే బాగా కనపడతాడనీ మావారు సత్యం ఎక్కడో విని వచ్చారు. 1989 ఫిబ్రవరి, మాఘ పౌర్ణమి, సోమవారం.

నేను అప్పుడు ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఆడవాళ్ళ బట్టలు కుట్టే దుకాణంలో పనిచేస్తూ, వెనక గదిలోనే ఉండేదాన్ని. ఆయన వెల్డరు. నువైద్రాత్ దగ్గర కంపెనీ క్యాంపులో ఉండేవారు. ఇద్దరం కలుసుకునేది శుక్రవారాలే. ఆ చలికాలం మొదట్లో గ్రైండింగ్ చేస్తుంటే ఇనప రజను ఆయన కుడికంట్లో గుచ్చుకుంది. ఆపరేషన్ చేసి తీశారు. కట్టు విప్పినా ఆ కంటికి అంతా పొగమంచులా ఉందనేవారు. ఎండ వెలుగు తగలనివ్వద్దనీ, సాయంత్రాలు దూరంగా ఉన్నవాటిని చూస్తూ ఉండమనీ డాక్టరు చెప్పారు. గురువారం మళ్ళీ పరీక్ష. కన్ను పనికిరాదంటే ఉద్యోగం ఖలాస్ చేసి ఇంటికి పంపేస్తారని క్యాంపులో అందరూ అనుకుంటున్నారు.

"ఎండా లేదు, మంటా లేదు. చంద్రుణ్ణి చూసి ఈ కన్ను సంగతేదో మనవే తేల్చుకుందాం రా, వరం," అన్నారు శుక్రవారం నాడు, నవ్వుతూనే. నాకు నవ్వు రాలేదు.

దుకాణం యజమానురాలు బహ్రెయినీ ఆవిడ. సాయంత్రం సెలవు కావాలని భయపడుతూ అడిగాను. "గ్రహణమా? మేమూ నమాజు చేస్తాం. వెళ్ళు, యల్లా," అంది వచ్చీరాని హిందీలో.

నాలుగు దాటాక రోడ్డు మీద సిత్రా బస్సు దొరికింది. పక్క సీట్లో ఒక మలయాళీ పెద్దాయన. ఓడల్లో పనిచేసి మానేశారట. గ్రహణం చూడ్డానికి వెళ్తున్నానంటే ఆయన ముఖం విప్పారింది.

"ఉత్తరాన మంచు సముద్రంలో ఒకసారి చూశానమ్మా. అక్కడ వేసవిలో చంద్రుడు నడినెత్తికి రాడు. నీటి అంచునే పాక్కుంటూ పోతాడు. ఇటు సూర్యుడు, అటు ఎర్రటి చంద్రుడు. డెక్కు మీద అందరం పని వదిలేసి చూశాం," అన్నారు హిందీలో. నేను దిగబోతుంటే, "సూర్యుడికి వీపు పెట్టి నిలబడండి, అంతే," అన్నారు.

స్టాపులో మావారు నల్లకళ్ళద్దాలతో, ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నారు. అక్కడినుంచి ఖర్జూర తోటల మధ్య నడక. ఆ దారిన వెళ్ళేవాళ్ళు పాత చెప్పులు వేసుకుని, నీళ్ళు తీసుకెళ్ళడం మంచిది. ఒడ్డంతా బురద, దగ్గర్లో దుకాణం లేదు. ఎండిన చోట ఒక సిమెంటు దిమ్మ దొరికితే కూర్చున్నాం. క్యాంపు మెస్సులోంచి తెచ్చిన చపాతీలు, గుడ్ల కూర ఆయన విప్పారు.

"గ్రహణం విడవకుండా తింటారేంటండీ!"

"విడిచేదాకా ఉంటే నీ బస్సు ఎల్లిపోద్ది. అయినా చంద్రుడే రాలేదు, గ్రహణం ఎవరికి పట్టింది?"

తిన్నాం. వెనక సూర్యుడు తోటల్లోకి దిగిపోయాడు. ఆయన అద్దాలు తీసి, ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని తూర్పుకి తిరిగారు. సముద్రం పైన బూడిదరంగు మసక. దూరాన చేపల లాంచీ ఒకటి దీపం వెలిగించింది.

"కనపడుతున్నాడా?"

"లేదు."

కాసేపాగి మళ్ళీ అడిగాను. లేదన్నారు. ఇంకోసారి అడిగితే తల అడ్డంగా ఊపారంతే. పౌర్ణమినాడు పొద్దు గుంకగానే రావాల్సిన చంద్రుడు. ఆయన కంటికే ఆనడం లేదేమోనని భయమేసింది. ఆయన ముఖం చూడలేక నేనూ తూర్పుకే చూశాను. ఎంత వెతికినా అక్కడ ఏమీ లేదు.

"ఏవండీ, నాకూ కనపడట్లేదండీ," అన్నాను.

ఆయన చటుక్కున నావైపు తిరిగారు. "నిజంగానా? ముందే చెప్పొద్దా! నాకే అనుకుని ఇందాకణ్ణించీ చచ్చిపోతన్నాను."

ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం. కళ్ళు తుడుచుకుని ఆయన మళ్ళీ ఎడమ కన్ను మూసుకున్నారు. చీకటి చిక్కబడింది. ఊళ్ళో మసీదు మైకు మోగింది. నల్ల అబాయాలో ఒక ముసలమ్మ తోటలోంచి వస్తూ మమ్మల్ని చూసి ఆగి, తనూ తూర్పుకి చూసి, పెదవి విరిచి వెళ్ళిపోయింది.

"అదుగో," అన్నారాయన, చాలా మెల్లగా.

"ఎక్కడ?"

"లాంచీ దీపం ఉందా? దానికి సూటిగా పైకి రా. నాలుగు వేళ్ళంత. ఎర్రగా... తోమని రాగి చెంబు అడుగులాగ."

నాకు కనపడలేదు. అనుమానమొచ్చి ఆయన ముఖం తడిమాను. ఆయన చెయ్యి గట్టిగా ఎడమ కన్ను మీదే ఉంది. నా గడ్డం పట్టుకుని, ముఖం అటు తిప్పి చూపించారు. అప్పుడు ఆనింది. మసకలో మసకగా, గుండ్రంగా, వెలుగు లేని ఎరుపు.

"అంచులు తెలియట్లేదు, వరం. రంగు మాత్రం తెలుస్తోంది," అన్నారు. ఆయన భుజానికి తల ఆనించాను. బస్సు టైము అయ్యేదాకా అలాగే కూర్చున్నాం.

ఏడున్నర దాటాక తిరుగు బస్సొచ్చింది. ఆయన స్టాపులోనే ఉండిపోయారు. బస్సు సముద్రం మీది వంతెన ఎక్కేసరికి కుడివైపు కిటికీలోంచి చంద్రుడి కింది అంచు తెల్లబడటం చూశాను. ఆయనా క్యాంపుకి నడుస్తూ చూస్తుంటారనుకున్నాను.

గురువారం డాక్టరు కన్ను కోలుకుంటోందన్నారు, వెల్డింగు మాత్రం ఇక వద్దన్నారు. కంపెనీ ఆయన్ని స్టోరులో సామాన్లు ఇచ్చే పనిలో పెట్టింది. ఆ కంటికి అంచులు ఎప్పటికీ పూర్తిగా తేటపడలేదు. అయినా ఇద్దరం ఇంకా కొన్నేళ్ళు ఆ దీవిలోనే ఉన్నాం, శుక్రవారాలు కలుసుకుంటూ.

తర్వాత మేడమీంచి గ్రహణాలు చూశాను. మెడ నొప్పి పుట్టేలా తలెత్తి చూడాలి. ఆ రోజు చంద్రుడు మాతో సమానంగా, ఎదురింటి అరుగు మీద కూర్చున్న మనిషిలా ఉన్నాడు. ఆ రాత్రి ఉమ్మ్ అల్ హస్సామ్‌లో బస్సు దిగి చూస్తే, మిద్దెల పైన చంద్రుడు సగం వెలిగాడు. గది తాళం తీయకుండా, గ్రహణం పూర్తిగా విడిచేదాకా వీధిలోనే నిలబడ్డాను.